వందలో ఒకరా, యాభైలో ఒకరా? మన మధ్య హెపటైటిస్ ఎంతమందికి ఉంది

ఈ ఎపిసోడ్‌లో కొత్త ఫోన్లు లేవు, యాప్‌లు లేవు, కోడింగ్ అసలే లేదు. మన లివర్ గురించి మాట్లాడుకుందాం. స్క్రోల్ చేసి వెళ్లిపోకండి, ఇది మీ ఇంట్లో ఎవరికో ఒకరికి పనికొచ్చే విషయం.

ముందే ఒక మాట. నేను డాక్టర్‌ని కాదు. బీటెక్ చదివి, కొన్నేళ్లు ఆఫీసులో డేటా డాష్‌బోర్డులు చేసి, తర్వాత ఈ కెమెరా ముందుకు వచ్చినవాణ్ణి. అందుకే మందుల సంగతి తక్కువ, లెక్కల సంగతి ఎక్కువ చెబుతాను. ఏ మందు వాడాలో మాత్రం డాక్టర్‌నే అడగండి.

ఈ టాపిక్ ఎందుకు తీసుకున్నానంటే, మా బావ వల్ల. ఆయన పర్మిషన్‌తోనే చెబుతున్నా, పేరు మాత్రం చెప్పను.

మా అక్కను జగిత్యాల వైపు ఒక ఊరికి ఇచ్చాం. ఆ చుట్టుపక్కల ఏ వాడలో చూసినా గల్ఫ్‌కు వెళ్లినవాళ్లు ఉంటారు. బావకు అప్పుడు 34 ఏళ్లు. తొలిసారి దుబాయ్ వెళ్దామని అప్పు చేసి ఏజెంటుకు డబ్బులు కట్టాడు. వీసా కోసం మెడికల్ చేయించుకున్నాడు. రిపోర్ట్ వచ్చింది. అన్‌ఫిట్. కారణం ఒక్క లైనే: హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్. అంటే ఒంట్లో హెపటైటిస్ బి వైరస్ ఉందని.

రాత్రి పదకొండు గంటలకు నాకు ఫోన్ చేశాడు. "బామ్మర్దీ, నాకు జరం లేదు, కామెర్లు లేవు, ఒక్క పూట గూడ మంచాన పడలె. మంచిగనే ఉన్న. గీ బి అంటే ఏంది? నాకొక్కనికే వచ్చిందా?"

నేను ఏమన్నానో తెలుసా? "అది చాలా రేర్ బావా, రిపోర్టే తప్పయి ఉంటది, టెన్షన్ పడకు." ఆయన్ను ఊరడిద్దామని అన్నాను. రెండు మాటలూ తప్పే. అది రేర్ కాదు, రిపోర్టూ తప్పు కాదు.

"నాకొక్కనికే వచ్చిందా?" ఆ ప్రశ్నకు సరైన సమాధానమే ఈ ఎపిసోడ్.

ముందు ఎ, బి, సి, డి, ఇ

హెపటైటిస్ అంటే లివర్ వాపు. అది మద్యం వల్ల రావచ్చు, కొన్ని మందుల వల్ల రావచ్చు, వైరస్‌ల వల్ల రావచ్చు. ఆ వైరస్‌లలో ముఖ్యమైనవి ఐదు. పేర్లు కూడా ఈజీ: ఎ, బి, సి, డి, ఇ.

వీటిని రెండు గుంపులుగా చేసుకుంటే గందరగోళం పోతుంది. ఎ, ఇ అనేవి ఎక్కువగా కలుషితమైన నీళ్లు, తిండి ద్వారా వస్తాయి. బి, సి, డి అనేవి రక్తం ద్వారా వస్తాయి. బి అయితే లైంగికంగానూ, కాన్పు టైంలో తల్లి నుంచి బిడ్డకూ కూడా వస్తుంది. డి ఒంటరిగా రాదు, బి ఉన్నవాళ్లకే వస్తుంది.

మన ఊళ్లలో పచ్చకామెర్లు అనగానే గుర్తొచ్చేది మొదటి గుంపు. కళ్లు పచ్చబడతాయి, మూత్రం పసుపుగా వస్తుంది, తిండి సయించదు. చాలామందికి కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. ఎ వచ్చి పోయాక ఒంట్లో దాచుకుని కూర్చోదు. ఇ కూడా దాదాపు అంతే.

పసరు మందుకు పేరు వచ్చింది కూడా ఇక్కడే. తనంతట తాను తగ్గే జబ్బుకు మూడో వారంలో పసరు పోస్తే, నాలుగో వారంలో తగ్గితే, క్రెడిట్ ఎవరికి వెళ్తుంది? పసరుకే. బగ్ దానంతట అదే పోయినప్పుడు, చివరగా కోడ్ ముట్టుకున్నవాడికి పేరొచ్చినట్టు. కానీ అన్ని కామెర్లూ తేలిగ్గా పోవు. గర్భిణులకు, ముఖ్యంగా చివరి మూడు నెలల్లో, ఇ వస్తే ప్రాణాల మీదికి వస్తుంది. కాబట్టి కామెర్లు కనిపిస్తే ముందు రక్త పరీక్ష.

కొత్త సైనప్‌లు వేరు, మొత్తం యూజర్లు వేరు

ఇప్పుడు లెక్కల్లోకి వద్దాం. ఒక జబ్బు ఎంత ఎక్కువగా ఉందో చెప్పడానికి రెండు రకాల నంబర్లు ఉంటాయి. ఒకటి, ఈ ఏడాది కొత్తగా ఎంతమందికి వచ్చింది. రెండోది, ఈ రోజున మొత్తం ఎంతమందిలో ఉంది. యాప్ భాషలో చెప్పాలంటే మొదటిది కొత్త సైనప్‌లు, రెండోది మొత్తం యూజర్లు.

ఎ, ఇ వైరస్‌లది మొదటి టైపు లెక్క. ఒక్కసారిగా ట్రాఫిక్ పెరిగి, తర్వాత పడిపోతుంది. 1955-56లో ఢిల్లీలో తాగునీటిలో మురుగు కలిసి, దాదాపు 29 వేల మందికి కామెర్లు వచ్చాయి. అది హెపటైటిస్ ఇ అని దాచిన రక్తపు నమూనాలతో చాలా ఏళ్ల తర్వాత తేలింది. 2024లో కేరళలోని మలప్పురం వైపు హెపటైటిస్ ఎ ఇలాగే పెరిగింది. ఇలాంటివి న్యూస్‌లో వస్తాయి, మనకు కనిపిస్తాయి.

బి, సి మాత్రం రెండో టైపు. వచ్చినవాళ్లలో కొందరి ఒంట్లో ఏళ్ల తరబడి ఉండిపోతాయి. అన్‌ఇన్‌స్టాల్ చేసేవాళ్లు తక్కువ, కాబట్టి కొత్త సైనప్‌లు తగ్గినా మొత్తం పెద్దదిగానే ఉంటుంది. న్యూస్‌లో రాదు, కళ్లు పచ్చబడవు. మా బావకు జరిగింది ఇదే.

ఇంతకీ ఎంతమంది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ఒక రిపోర్ట్ ఇచ్చింది. అందులో 2022 నాటి అంచనా ఇది: ప్రపంచంలో దీర్ఘకాలిక హెపటైటిస్ బి ఉన్నవాళ్లు 25.4 కోట్లు. సి ఉన్నవాళ్లు 5 కోట్లు. రెండూ కలిపితే 30 కోట్ల పైమాటే. అదే ఏడాది వైరల్ హెపటైటిస్‌తో చనిపోయినవాళ్లు దాదాపు 13 లక్షలు. అంటే రోజుకు 3,500 మంది. టీబీతో సమానం.

మన దేశం సంగతి? బి ఉన్నవాళ్లు 2.98 కోట్లు, సి ఉన్నవాళ్లు 55 లక్షలు. కలిపితే మూడున్నర కోట్లు. 2011 జనాభా లెక్కల్లో తెలంగాణ మొత్తం జనాభా కూడా సుమారు అంతే. ఒక రాష్ట్రమంత మంది!

అయితే ఇక్కడ ఒక ట్విస్ట్ ఉంది. ఇంకో లెక్క కూడా ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాలుగో విడతలో దేశమంతటా ఇళ్లకు వెళ్లి రక్తపు చుక్కలు సేకరించారు. ఆ నమూనాలను పరీక్షిస్తే బి పాజిటివ్ 0.95 శాతం, సి యాంటీబాడీలు 0.32 శాతం వచ్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాను మన జనాభాతో భాగిస్తే బి దాదాపు రెండు శాతం వస్తుంది. ఒకటి వందలో ఒకరు అంటోంది, ఇంకొకటి యాభైలో ఒకరు అంటోంది. ఏది కరెక్ట్?

నాలాంటి డాష్‌బోర్డు మనుషులకు ఇది పాత సమస్యే. రెండు టీమ్‌లు రెండు నంబర్లు తెస్తే, ఎవరు అబద్ధం చెప్తున్నారని కాదు, ఎవరు ఎవర్ని లెక్కపెట్టారని అడగాలి.

ఇంటింటి సర్వేలో రక్తం ఇచ్చింది 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లు, 15 నుంచి 54 ఏళ్ల మగవాళ్లు. పెద్ద వయసువాళ్లు అందులో లేరు. అంచనాలేమో రకరకాల స్టడీలను కలిపి, మోడల్ కట్టి, అన్ని వయసులకూ వేసినవి. ఇక చిన్న స్టడీల్లో అయితే తేడా ఇంకా పెరుగుతుంది. రక్తదాతలను లెక్కపెడితే నంబర్ తక్కువ వస్తుంది, ఎందుకంటే ఆరోగ్యంగా ఉన్నామనుకున్నవాళ్లే రక్తం ఇవ్వడానికి వస్తారు. డయాలసిస్ వార్డులో లెక్కపెడితే ఎక్కువ వస్తుంది. ప్రాంతాన్ని బట్టి కూడా మారుతుంది. పంజాబ్‌లో సి ఎక్కువ, అందుకే ఆ రాష్ట్రం 2016లోనే సి రోగులకు ఉచిత వైద్యం మొదలుపెట్టింది. అండమాన్‌లో కొన్ని గిరిజన తెగల్లో బి మిగతా దేశం కంటే చాలా ఎక్కువని స్టడీల్లో తేలింది.

సి లెక్కలో ఇంకో మెలిక ఉంది. యాంటీబాడీ ఉందంటే వైరస్ ఎప్పుడో ఒకసారి వచ్చిందని అర్థం, ఇప్పుడు ఉందని కాదు. సి వచ్చినవాళ్లలో సుమారు ముప్పై శాతం మందికి మందు లేకుండానే పోతుంది, యాంటీబాడీలు మాత్రం మిగిలిపోతాయి. పాత అకౌంట్ డిలీట్ అయినా లాగ్ ఫైల్‌లో పేరు ఉన్నట్టు. ఇప్పుడు ఉందో లేదో తెలియాలంటే ఆర్‌ఎన్‌ఏ టెస్ట్ చేయాలి.

సరే, వందలో ఒకరే అనుకుందాం, తక్కువ లెక్కే తీసుకుందాం. మూడు వేల మంది ఉన్న ఇంజినీరింగ్ కాలేజీ అయితే ముప్పై మంది. ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్‌కు నలభై వేల మంది వచ్చారనుకుంటే నాలుగు వందల మంది. రైల్లో 72 బెర్తుల స్లీపర్ బోగీ ఉంటుంది కదా, రెండు బోగీలకు కనీసం ఒకరు. ఇది సగటు లెక్క, ప్రతిచోటా సరిగ్గా ఇంతే ఉంటారని కాదు. కానీ మా బావ ప్రశ్నకు సమాధానం వచ్చేసింది. నీకొక్కనికే కాదు బావా.

మరి ఎవరికీ ఎందుకు తెలియదు?

ఎందుకంటే ఉన్నవాళ్లకే తెలియదు. 2022 చివరి నాటికి ప్రపంచంలో దీర్ఘకాలిక బి ఉన్నవాళ్లలో ఆ విషయం తెలిసినవాళ్లు కేవలం 13 శాతం. మందు వాడుతున్నవాళ్లు 3 శాతం. అంటే బి ఉన్న వంద మందిని నిలబెడితే 87 మంది "నాకేం లేదు" అంటారు. నిజాయితీగానే అంటారు.

దీనికి కారణం వైరస్ ఏ వయసులో వచ్చిందన్నదే. పెద్దయ్యాక బి వస్తే, నూటికి 95 మందికి పైగా ఒళ్లే దాన్ని తరిమేస్తుంది. అదే పుట్టగానే, పసితనంలో వస్తే లెక్క తిరగబడుతుంది. దాదాపు 90 శాతం మందిలో ఉండిపోతుంది. పసిపిల్లల ఒంట్లోని రక్షణ వ్యవస్థ ఆ వైరస్‌ను శత్రువుగా గుర్తుపట్టి గట్టిగా కొట్లాడదు. కొట్లాట లేదు కాబట్టి కామెర్లు లేవు. కామెర్లు లేవు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ముప్పై, నలభై ఏళ్లు గడిచిపోతాయి. కొందరిలో లివర్ గట్టిపడి సిర్రోసిస్ అవుతుంది, కొందరికి లివర్ క్యాన్సర్ వస్తుంది. అప్పటిదాకా సైలెంట్.

ఒక్క పాజిటివ్‌తో తీర్పు ఇవ్వకండి

ఇక్కడ నోట్‌బుక్ తీయండి, బీటెక్ ప్రాబబిలిటీ పనికొచ్చే చోటు ఇది. వెయ్యి మంది ఉన్నారు. వందలో ఒకరి లెక్కన పది మందికి వైరస్ ఉంది. ఒక టెస్ట్ ఉంది, 99 శాతం కరెక్ట్ అనుకుందాం. ఉన్న పది మందినీ దాదాపు పట్టేస్తుంది. లేని 990 మందిలో ఒక శాతం, అంటే ఇంకో పది మందిని కూడా పొరపాటున పాజిటివ్ అంటుంది. మొత్తం ఇరవై పాజిటివ్‌లు, అందులో సగం తప్పు!

ఇది నేను వివరించడానికి వేసిన లెక్క. అసలు టెస్ట్‌లు ఇంతకంటే మెరుగ్గానే ఉంటాయి. కానీ పాయింట్ ఇదే. అందుకే డాక్టర్లు మొదటి పాజిటివ్ తర్వాత రెండో టెస్ట్ చేయిస్తారు. బి అని తేలితే వైరల్ లోడ్, లివర్ ఫంక్షన్ టెస్ట్, స్కానింగ్ చూస్తారు. ఆరు నెలల తర్వాత కూడా ఉంటేనే దీర్ఘకాలికం అంటారు.

మా బావకు కూడా మళ్లీ చేయించాం. ఆ పది మంది తప్పు పాజిటివ్‌లలో ఉంటాడని ఆశపడ్డాను. లేడు.

పళ్లెం వేరు చేసిన రోజు

ఇప్పుడు చెప్పబోయేది నాకు కొంచెం కష్టమైన భాగం.

రిపోర్ట్ సంగతి ఇంట్లో తెలిసిన మర్నాడు బావ వాళ్ల అమ్మ ఆయన పళ్లెం, గ్లాసు వేరు చేసింది. పిల్లల్ని పక్కన పడుకోనివ్వలేదు. ఆమెది చెడ్డ మనసు కాదు, మనవల గురించి భయం. అక్క నాకు ఫోన్ చేసి మెల్లగా అడిగింది. "రా తమ్మీ, నిజంగనే వేరే పెట్టాల్నా? ఆయన అన్నం సగమే తిని లేస్తుండు."

బి వైరస్ కలిసి తింటే రాదు. ఒకే గ్లాసులో నీళ్లు తాగితే రాదు. పక్కన పడుకుంటే, కౌగిలించుకుంటే, దగ్గితే, తుమ్మితే రాదు. దోమ కుడితే రాదు. రక్తం తగిలే వస్తువులతోనే జాగ్రత్త: రేజరు, బ్లేడు, టూత్‌బ్రష్, నెయిల్ కట్టర్, సూదులు. ఈ వైరస్ ఎండిన రక్తంలో బయట కనీసం ఏడు రోజులు బతుకుతుంది. అందుకే కటింగ్ షాపులో కొత్త బ్లేడ్ వేయమని అడగండి. జాతరలో పచ్చబొట్టు వేయించుకునేటప్పుడు సూది కొత్తదేనా అని చూడండి. గుజరాత్‌లోని మోడాసాలో 2009లో వాడిన సిరంజీలే మళ్లీ వాడటంతో హెపటైటిస్ బి వ్యాపించి పదుల మంది చనిపోయారు. "సూది వేస్తేనే జ్వరం తగ్గుద్ది" అనే అలవాటు కూడా మనం మానుకోవాలి.

డాక్టర్ ఇంట్లో అందరికీ టెస్ట్ చేయించమన్నారు. అక్కకు నెగెటివ్, వెంటనే టీకా మొదలుపెట్టారు. పిల్లలిద్దరికీ నెగెటివ్, టీకా కార్డులో హెపటైటిస్ బి డోసులన్నీ పడి ఉన్నాయి. బావ వాళ్ల అమ్మ మాత్రం "నాకెందుకు బిడ్డా, నేను మంచిగనే ఉన్న" అంది. బలవంతం మీద చేయించాం.

ఆమెకు పాజిటివ్.

బావకు పుట్టినప్పుడే వచ్చి ఉండే అవకాశం ఎక్కువని డాక్టర్ చెప్పారు. ఆమెకూ ఎక్కడో, ఎప్పుడో, తనకు తెలియకుండా వచ్చిందే. ఆ మాట విని ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ రాత్రి వేరు చేసిన పళ్లెం మళ్లీ అందరి పళ్లేలతో కలిసింది. ఎవరూ ఆ విషయం ఎత్తలేదు.

నేను ఆ రోజు నేర్చుకున్నది ఇదే. జబ్బు ఎంత కామన్‌గా ఉందో తెలియకపోతే, ఉన్న ఒక్క మనిషిని వేరు చేస్తాం. వేరు చేసే చేతికే అది ఉండొచ్చని తోచదు. తెలిస్తే, వేరు చేయడం ఆపి టెస్ట్ చేయిస్తాం.

మన సంగతేంటి?

మన పిల్లలు, తమ్ముళ్లు, చెల్లెళ్లు లక్కీ. హెపటైటిస్ బి టీకాను ప్రభుత్వ కార్యక్రమంలో 2002-03లో కొన్ని నగరాల్లో, జిల్లాల్లో మొదలుపెట్టి, 2011 నాటికి దేశమంతా ఇచ్చారు. దీంట్లో మనవాళ్ల పాత్ర కూడా ఉంది. మన దేశంలో తయారైన మొదటి రీకాంబినెంట్ హెపటైటిస్ బి టీకాను 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ మార్కెట్లోకి తెచ్చింది. వరప్రసాద్ రెడ్డి గారు స్థాపించిన కంపెనీ అది. అంతకుముందు బయటి దేశాల టీకా మామూలు ఇళ్లకు అందని ధరలో ఉండేది.

కానీ ఈ వీడియో చూస్తున్న మీలో చాలామంది నాలాగే అంతకుముందు పుట్టినవాళ్లు. స్కూల్లో ఎవరో సూది వేసిన గుర్తుంటుంది, అది ఏ టీకానో గుర్తుండదు. నేనూ టెస్ట్ చేయించుకున్నాను. వైరస్ లేదు, రక్షణ కూడా లేదు. మూడు డోసులు వేయించుకున్నాను: ఈ రోజు ఒకటి, నెలకు ఒకటి, ఆరో నెలకు ఒకటి. అంతే.

కాబట్టి చేయాల్సినవి మూడే.

ఒకటి, జీవితంలో ఒక్కసారైనా బి, సి టెస్ట్ చేయించుకోండి. ప్రైవేట్ ల్యాబ్‌లో కొన్ని వందల రూపాయలు. జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం 2018 జులై 28న మొదలైంది. దాని కింద ప్రభుత్వ కేంద్రాల్లో టెస్టూ ఫ్రీ, మందులూ ఫ్రీ. మీ జిల్లా ఆసుపత్రిలో అడగండి.

రెండు, నెగెటివ్ వస్తే బి టీకా వేయించుకోండి. ఇంట్లో ఎవరైనా గర్భిణి ఉంటే ఆమెకు బి టెస్ట్ తప్పనిసరి. పుట్టిన బిడ్డకు 24 గంటల్లోపు మొదటి డోసు పడాలి. తల్లికి ఉన్నా బిడ్డను కాపాడేది ఆ 24 గంటలే.

మూడు, పాజిటివ్ వస్తే కంగారు పడకండి. సి అయితే టీకా లేదు గానీ, సాధారణంగా 12 వారాల మాత్రలతో 95 శాతానికి పైగా నయమైపోతుంది. బి పూర్తిగా పోవడం అరుదు, కానీ రోజుకో మాత్రతో అదుపులో ఉంచొచ్చు. అందరికీ మాత్రలు కూడా అవసరం ఉండవు. క్రమం తప్పకుండా చెకప్ ఉంటే చాలు. మద్యం మాత్రం మానాలి. పసరు జోలికి వెళ్లొద్దు.

మా బావకు ఇప్పటికి మందు అవసరం పడలేదు. ఆరు నెలలకోసారి టెస్ట్‌కు వెళ్తాడు, వాళ్లమ్మను బండి మీద ఎక్కించుకుని. ఆమె రోజూ మాత్ర వేసుకుంటోంది. దుబాయ్ వెళ్లడం కుదరలేదు, ఏజెంటుకు కట్టిన డబ్బుల్లో సగమే తిరిగొచ్చాయి. ఇప్పుడు ఊళ్లోనే ట్రాక్టర్ నడుపుతున్నాడు. మొన్న ఫోన్‌లో అన్నాడు: "బామ్మర్దీ, గా మెడికల్‌ల తెల్వకపోతే మా అమ్మకు ఎన్నడు తెల్సేదో."

ఈ ఎపిసోడ్ నచ్చితే లైక్ కొట్టకపోయినా పర్లేదు. మీ ఇంటి వాట్సాప్ గ్రూపులో మాత్రం పంపండి, ముఖ్యంగా "నాకేం లేదు" అనే పెద్దవాళ్లకు. కామెంట్‌లో రిపోర్టులు పెట్టకండి, అవి డాక్టర్‌కు చూపించండి.